రుద్దుడు పలక, కూజా, ఒక నవ్వు: పోలండ్‌లో పాత జాజ్

బదిలీ అంటే ఏమిటో మన బడుల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. సామాను లారీ ఎక్కుతుంది, కొత్త ఊరు వస్తుంది, కొత్త భాష చెవిన పడుతుంది. పాటలకూ ఇలాంటి బదిలీలు ఉంటాయి. కొన్ని పాటలు కొత్త ఊళ్లో ఇమడలేక మాయమైపోతాయి. కొన్ని అక్కడే కాపురం పెట్టి, ఆ ఊరి మాట నేర్చుకుని, ఆ ఊరి జోకులు కూడా వేస్తాయి.

ఈ పాఠంలో మనం అలాంటి ఒక సంగీతం గురించి చదువుకుందాం. దాని పేరు జాజ్. పుట్టింది అమెరికాలో. అక్కడి నుంచి సముద్రం దాటి ఎన్నో దేశాలకు వెళ్లింది. వాటిలో పోలండ్ ఒకటి. 1964లో వార్సా నగరంలో కొందరు యువకులు కలిసి ఒక బృందం కట్టారు. దాని పేరు 'అసోత్స్యాత్స్యా హగాఫ్'. మొదటి మాటకు 'సంఘం' అని అర్థం. అప్పటికే పాతబడిపోయిందనుకున్న జాజ్‌ను వాళ్లు మళ్లీ వేదిక ఎక్కించారు. బాంజోతో, బట్టలు రుద్దే పలకతో వాయించి జనాన్ని నవ్వించారు.

నవ్వించడం తేలికని చాలామంది అనుకుంటారు. దాని వెనక ఎంత సాధన ఉంటుందో, మరొకరి సంగీతంతో నవ్వించేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో ఈ కథ మనకు నేర్పుతుంది.

1. జాజ్ పుట్టిన ఊరు

అమెరికా దక్షిణాన మిసిసిపి నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా న్యూ ఆర్లియన్స్ అనే ఓడరేవు నగరం ఉంది. ఫ్రెంచివాళ్లు, స్పెయిన్‌వాళ్లు, కరీబియన్ దీవుల వాళ్లు అక్కడ కలిసి బతికారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారి సంతతి కూడా పెద్ద సంఖ్యలో ఉండేది. ఆదివారాల్లో బానిసలు 'కాంగో స్క్వేర్' అనే మైదానంలో చేరి డోళ్లు వాయిస్తూ నాట్యం చేసేవారు. 1865లో అమెరికా అంతటా బానిసత్వం రద్దయింది. ఆ తర్వాతి తరం నల్లజాతి కళాకారులు తమ పూర్వీకుల లయను, చర్చి పాటలను, సైనిక బ్యాండు వాయిద్యాలను కలిపి కొత్త సంగీతం తయారు చేశారు. 1900 ప్రాంతానికి దానికొక రూపం వచ్చింది. అదే జాజ్.

మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం చూశాం కదా! క్లారినెట్, ట్రంపెట్, పెద్ద డ్రమ్ము ఉంటాయి. ఆ వాయిద్యాలు మనకు ఇంగ్లీషువారి సైనిక బ్యాండుల నుంచి వచ్చాయి. న్యూ ఆర్లియన్స్ వీధి బ్యాండులకూ సైనిక బ్యాండే తాత. అక్కడ అంత్యక్రియలకు కూడా బ్యాండు వెళ్లేది. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా, బరువుగా వాయించేవారు. తిరిగి వచ్చేటప్పుడు హుషారైన పాట అందుకునేవారు. దుఃఖం పక్కనే సంతోషాన్ని నిలబెట్టడం జాజ్‌కు మొదటి నుంచీ అలవాటు.

పాత జాజ్‌లో ముందు వరసలో మూడు వాయిద్యాలుంటాయి. కార్నెట్ లేదా ట్రంపెట్ అసలు పాటను పలికిస్తుంది. క్లారినెట్ పై స్థాయిలో అల్లుకుంటూ తిరుగుతుంది. ట్రోంబోన్ కింది నుంచి గొంతు కలుపుతుంది. ముగ్గురూ ఒకేసారి, అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయిస్తారు. పండగనాడు ఇంట్లో అత్తయ్య, బాబాయి, తాతయ్య ఒకేసారి మాట్లాడుతుంటే గోల అవుతుంది. ఇక్కడ మాత్రం ఒకరు మాట్లాడుతూనే మిగిలిన ఇద్దరిని వింటారు. అందుకే గోల కాకుండా సంగీతమవుతుంది. వెనక వరసలో బాంజో, డ్రమ్ములు, ట్యూబా లేదా పెద్ద బాస్ తాళం నిలబెడతాయి.

2. మొదటి రికార్డులోనే కోడికూత

జాజ్‌లో హాస్యం తర్వాత ఎవరో కలిపింది కాదు. 1917లో 'ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్' అనే బృందం న్యూయార్క్‌లో చేసిన రికార్డును మొట్టమొదటి జాజ్ రికార్డుగా చెబుతారు. అందులో ఒక పాటలో క్లారినెట్ కోడిలా కూస్తుంది, కార్నెట్ గుర్రంలా సకిలిస్తుంది, ట్రోంబోన్ ఆవులా అరుస్తుంది. జనం విరగబడి కొన్నారు. ఇక్కడ ఒక చేదు నిజం కూడా ఉంది. ఆ బృందంలో అందరూ తెల్లవారే. ఈ సంగీతాన్ని పుట్టించిన నల్లజాతి కళాకారుల రికార్డులు బజారుకు రావడానికి మరికొన్నేళ్లు పట్టింది.

కింగ్ ఆలివర్ అనే గొప్ప కార్నెట్ విద్వాంసుడు వాయిద్యం నోటికి కప్పు, సీసా, బకెట్ లాంటివి అడ్డం పెట్టి పసిపిల్ల ఏడుపులాంటి ధ్వనులు పలికించేవాడు. ఆయన శిష్యుడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901లో న్యూ ఆర్లియన్స్‌లో పేద ఇంట పుట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ 1925 నుంచి 'హాట్ ఫైవ్' బృందంతో చేసిన రికార్డులు జాజ్‌కు పెద్దబాలశిక్ష లాంటివి.

డబ్బులేని చోట ఇంటి సామానే వాయిద్యమైంది. లూయీవిల్, మెంఫిస్ నగరాల్లో 'జగ్ బ్యాండ్'లు వచ్చాయి. జగ్ అంటే కూజా. ట్యూబా కొనలేనివారు కూజాలోకి బుర్రుమని ఊదారు. డ్రమ్ములు లేనివారు బట్టలు రుద్దే పలకను గీకారు. 1920లలో ఇలాంటి బృందాలు రికార్డులు కూడా ఇచ్చాయి. చూసేవారికి నవ్వు వచ్చేది. వినేవారికి కాలు ఆడేది.

3. పాతది మళ్లీ ఎందుకు వచ్చింది?

1930లలో జాజ్ పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల చేతికి వెళ్లింది. 1940లలో 'బీబాప్' అనే వేగమైన, కష్టమైన కొత్త శైలి వచ్చింది. పాత న్యూ ఆర్లియన్స్ శైలి మూలన పడింది. అప్పుడు కొందరు అభిమానులు పాత కళాకారులను వెతుక్కుంటూ వెళ్లారు. బంక్ జాన్సన్ అనే ట్రంపెట్ విద్వాంసుడు అలా దొరికాడు. ఆయనకు పళ్లు ఊడిపోయి వాయించడం మానేశాడు. అభిమానులు ఆయనకు కట్టుడు పళ్లు, ట్రంపెట్ సమకూర్చారు. 1942లో ఆయన మొదటి రికార్డులు వచ్చాయి. ఒక కళ తిరిగి లేవడానికి కొన్నిసార్లు ఒక జత పళ్లు చాలు!

ఈ పునరుద్ధరణ అమెరికాలో ఆగలేదు. 1950లలో ఇంగ్లండ్‌లో క్రిస్ బార్బర్, ఆకర్ బిల్క్ వంటివారి బృందాలు పాత జాజ్‌ను యువకుల సంగీతంగా మార్చాయి. లోనీ డోనెగన్ గిటారుకు రుద్దుడు పలక తోడు చేసి పాడితే, ఇంగ్లండ్ కుర్రాళ్లు వంటింటి వెనక నుంచి పలకలు ఎత్తుకొచ్చి బృందాలు కట్టారు. పోలండ్ గాలిలోకీ ఈ హుషారు వచ్చింది. కానీ అక్కడ జాజ్ కథ అంత సాఫీగా సాగలేదు.

4. పోలండ్‌లో కష్టకాలం

పోలిష్ భాషలో జాజ్‌ను 'జెస్' అని పలుకుతారు. బదిలీ అయిన మాటకు కొత్త యాస వచ్చిందన్నమాట. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే వార్సాలో నాట్యశాలల్లో జాజ్ మోగేది. ఆ రోజుల్లో పేరున్న ట్రంపెట్ విద్వాంసుడు ఎడీ రోస్నర్. పోలండ్‌కు చెందిన యూదు కుటుంబంలో 1910లో బెర్లిన్‌లో పుట్టాడు. నాజీల వల్ల జర్మనీ విడిచాడు. 1939లో వాళ్లు పోలండ్ మీద దాడి చేస్తే తూర్పుకు పారిపోయి సోవియట్ బెలారుస్‌లో ప్రభుత్వ జాజ్ ఆర్కెస్ట్రా నడిపాడు. యుద్ధం ముగిశాక 1946లో అక్కడి ప్రభుత్వమే ఆయనను అరెస్టు చేసింది. 1954 వరకు నిర్బంధ శిబిరాల్లో గడిపాడు. మన బదిలీలకు ఉత్తర్వు కాగితం ఉంటుంది. ఆయన బదిలీలకు తుపాకీ ఉంది.

జాజ్ నల్లవారిది, యూదులది అని నాజీలు ద్వేషించారు. యుద్ధం తర్వాత పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. స్టాలిన్ కాలంలో ఆ ప్రభుత్వం జాజ్‌ను అమెరికా సామ్రాజ్యవాదుల సంగీతమని అనుమానించి రేడియోకు, వేదికలకు దూరంగా ఉంచింది. ఒకరికొకరు బద్ధశత్రువులైన రెండు పక్షాలూ ఒక క్లారినెట్‌కు భయపడ్డాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది కదా!

ఆ రోజుల్లో సంగీతాభిమానులు ఇళ్లలో చేరి, తలుపులు వేసుకుని జాజ్ వాయించారు. దీన్ని పోలండ్‌లో జాజ్ 'కాటకూంబ్' కాలం అంటారు. కాటకూంబ్ అంటే నేలమాళిగ. పూర్వం రోమ్‌లో క్రైస్తవులు అలాంటి నేలమాళిగల్లో కలుసుకునేవారని చెబుతారు, ఆ పోలికతో వచ్చిన పేరు. వూచ్ నగరంలో మొదలైన 'మెలోమాని' బృందం ఈ కాలంలో ముఖ్యమైనది. దాని నాయకుడు యెజీ మతుష్‌కేవిచ్. మెలోమాని అంటే సంగీతమంటే పిచ్చి ఉన్నవాళ్లు.

1953లో స్టాలిన్ చనిపోయాక పట్టు కొంచెం సడలింది. 1956 ఆగస్టులో బాల్టిక్ సముద్రతీరంలోని సోపోట్ పట్టణంలో జాజ్ ఉత్సవం జరిగింది. తలుపులు వేసుకుని విన్న సంగీతం వీధిలోకి వచ్చింది. వేలమంది యువకులు తరలివచ్చారు. ఈ ఉత్సవం వెనక రచయిత లెయోపోల్ద్ తిర్‌మాంద్ కృషి ఉంది. 1958 నుంచి వార్సాలో 'జాజ్ జంబోరీ' ఉత్సవం ఏటా జరగసాగింది. అదే ఏడాది అమెరికా పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ పోలండ్‌లో పర్యటించి, ఆ ప్రజలకోసం ఒక రచన చేసి 'జెంకూయె' అని పేరు పెట్టాడు. పోలిష్‌లో ఆ మాటకు 'ధన్యవాదాలు' అని అర్థం.

5. నవ్వుల సంఘం

అదే కాలంలో పోలండ్ విద్యార్థులు మరో కళను పెంచారు. అది వ్యంగ్య ప్రదర్శన. వార్సాలో విద్యార్థి వ్యంగ్య నాటకశాల, గ్దాన్‌స్క్‌లో 'బిమ్-బోమ్' 1954లో మొదలయ్యాయి. క్రాకోవ్‌లో ఒక పాత మేడ నేలమాళిగలో 1956లో 'పివ్నిత్సా పోద్ బరానామి' వచ్చింది. చిన్న గది, కొన్ని కుర్చీలు, ఒక పియానో, కొన్ని పాటలు, చురకలు. ఇవే వారి పెట్టుబడి.

అయితే వేదిక మీద పలికే మాటలకు ముందుగా ప్రభుత్వ తనిఖీ కార్యాలయం అనుమతి కావాలి. వార్సాలో ఆ కార్యాలయం ఉన్న వీధి పేరు 'మిషా'. అంటే ఎలుకల వీధి! దేశమంతటి మాటలనూ కొరికే కార్యాలయానికి ఇంతకంటే తగిన చిరునామా ఏ హాస్య రచయితా కల్పించలేడు. ఆ తనిఖీ 1990లో రద్దయింది.

ఇలాంటి వాతావరణంలో 1964లో హగాఫ్ బృందం పుట్టింది. బాంజో వాయించే గ్జెగోజ్ బ్రుద్కో దాని నాయకుడు. 1944లో పుట్టిన ఆంద్జెయ్ రోషేవిచ్ పాటగాడు. తర్వాత ఆయన ఒంటరిగా పాడి, ఆడి, వ్యంగ్యం పలికి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఈ బృందం పాత జాజ్‌నూ, విద్యార్థుల వ్యంగ్య ప్రదర్శననూ ఒకే వేదిక మీద కలిపింది. వాళ్ల రికార్డు ఒకదాని పేరే ఒక చిలిపి ప్రశ్న: 'డూ యు లవ్ హగాఫ్?' అంటే 'మీకు హగాఫ్ అంటే ఇష్టమేనా?' అని కొనేవాడినే అడగడం!

ఇలాంటి కలయిక మనకూ కొత్తకాదు. బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు, ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్యపు వంత. కథ ఎంత గంభీరంగా సాగినా హాస్యపు వంత మధ్యలో దూరి నవ్విస్తాడు. ఆ నవ్వుతో జనం నిద్రపోకుండా ఉంటారు, అసలు మాట ఇంకా లోతుగా దిగుతుంది. హగాఫ్ వేదిక మీద ఆ పని రుద్దుడు పలకా, పాటగాడి చమత్కారమూ చేశాయి.

రుద్దుడు పలకను పోలిష్‌లో 'తార్కా' అంటారు. వంటింట్లో కూరగాయలు తురిమే తురుముకూ అదే పేరు. 1960ల నడుమ వార్సాలో పాత జాజ్ బృందాల కోసం ఒక ఉత్సవం మొదలైంది. దాని బహుమతి పేరు 'జ్వోతా తార్కా', అంటే బంగారు రుద్దుడు పలక. బంగారు వీణ, బంగారు కిరీటం కాకుండా బట్టలు ఉతికే సామానును బహుమతిగా పెట్టడంలోనే వాళ్ల చమత్కారం తెలుస్తుంది. తర్వాత ఈ ఉత్సవం ఇవావా అనే సరస్సుల పట్టణానికి వెళ్లింది. అక్కడి బహిరంగ రంగస్థలానికి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టారు. న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన పేదపిల్లవాడి పేరు పోలండ్‌లో ఒక చిన్న ఊరి సరస్సు ఒడ్డున నిలిచింది.

హగాఫ్ ఒంటరిది కాదు. క్రాకోవ్‌లో 1962లో 'జాజ్ బ్యాండ్ బాల్ ఆర్కెస్ట్రా', 1968లో 'ఓల్డ్ మెట్రోపాలిటన్ బ్యాండ్' వచ్చాయి. వ్రోత్స్వావ్ నగరంలో మరో పాత జాజ్ బృందం తన పేరు 'సామి స్ఫోయి' అని పెట్టుకుంది. 'అంతా మనవాళ్లే' అని అర్థం. పరాయి దేశం నుంచి వచ్చిన సంగీతానికి ఇంతకంటే మంచి ఆహ్వానం ఏముంటుంది?

6. తాళాన్ని ఆటపట్టించడం

హాస్యానికీ పాత జాజ్‌కూ ఇంత బాగా ఎందుకు కుదిరింది? దీనికి జవాబు తాళంలో ఉంది.

నాలుగు లెక్కల తాళం వేయండి: ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇప్పుడు అంకెల మీద నోటితో లెక్కపెడుతూ, చప్పట్లు మాత్రం అంకెల నడుమ ఖాళీలో కొట్టండి. దెబ్బ పడుతుందనుకున్న చోట పడకుండా పక్కన పడింది. దీన్ని సింకోపేషన్ అంటారు. తాళం తప్పకుండానే తాళాన్ని ఆటపట్టించడం అన్నమాట. కర్ణాటక సంగీతం నేర్చుకునే మిత్రులకు 'అనాగతం' గుర్తొచ్చి ఉంటుంది. అక్కడ తాళం మొదలైన కాసేపటికి పాట ఎత్తుకుంటారు. రెండూ ఒకటి కావు గానీ ఆ చిలిపితనంలో చుట్టాలే.

జోకు కూడా ఇలాగే నడుస్తుంది. వినేవాడు ఒక మాట వస్తుందనుకుంటాడు, మరో మాట వస్తుంది. అది సరైన క్షణంలో రావాలి. కొంచెం ముందు వచ్చినా, కొంచెం ఆలస్యమైనా ఎవరూ నవ్వరు. పాత జాజ్‌లో 'బ్రేక్' అనే చోటు ఉంటుంది. బృందమంతా ఒక్కసారి ఆగిపోతుంది. ఒకరే రెండు తాళావర్తాల లెక్కకు వాయిస్తారు. మళ్లీ అందరూ సరిగ్గా ఒకే దెబ్బకు కలుస్తారు. ఆ ఖాళీలో పలక గరగరమన్నా, ట్రోంబోన్ మూలిగినా సభ గొల్లుమంటుంది. కానీ కలవాల్సిన చోట ఒక్కరు తప్పినా జనం వేరే కారణానికి నవ్వుతారు! అందుకే నవ్వించే బృందానికి గంభీరమైన బృందం కంటే ఒక పాలు ఎక్కువే సాధన కావాలి.

ఇప్పుడు ఆ ఇంటి సామాను ఎలా పలుకుతుందో చూద్దాం.

రుద్దుడు పలక: చెక్క చట్రంలో ముడతలు పెట్టిన రేకు ఉంటుంది. వాయించేవారు కుట్టుపనిలో వేలికి పెట్టుకునే లోహపు తొడుగులు వేసుకుని గీకుతారు, తడతారు. వేలు ఒక క్షణంలో ఎక్కువ ముడతలు దాటితే శబ్దం స్థాయి పెరుగుతుంది. నెమ్మదిగా గీకితే తగ్గుతుంది.

కూజా: మన ఘటాన్ని చేతులతో వాయిస్తారు. జగ్ బ్యాండు కూజాను మాత్రం నోటితో వాయిస్తారు. పెదవులను బిగించి బుర్రుమనిపిస్తే కూజాలోని గాలి ఆ శబ్దాన్ని పెద్దది చేస్తుంది. పెదవుల బిగువును బట్టి స్వరం మారుతుంది.

కజూ: చిన్న గొట్టానికి పల్చటి పొర బిగించి ఉంటుంది. ఊదితే పలకదు. గొంతుతో పాడుతూ 'ఊఁ' అంటేనే పొర అదిరి బాతులాంటి గొంతు వస్తుంది.

బాంజో: తోలు బిగించిన గుండ్రటి డ్రమ్ముకు కర్ర, తీగలు అమర్చినట్టు ఉంటుంది. దీని పూర్వరూపాలు ఆఫ్రికావి. సొరకాయ బుర్రకు తోలు బిగించి అక్కడ చేసేవారు. అమెరికాకు తీసుకెళ్లబడిన బానిసల జ్ఞాపకంలో అది సముద్రం దాటింది.

7. రెండు రకాల నవ్వులు

ఇక్కడ మనం ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటి ఉంది. 19వ శతాబ్దంలో అమెరికాలో తెల్లజాతి నటులు ముఖానికి మసి పూసుకుని, బాంజో పట్టుకుని, నల్లవారి మాటను, నడకను వెక్కిరిస్తూ ప్రదర్శనలు ఇచ్చేవారు. జనం పడీపడీ నవ్వేవారు. అదే బాంజో, అదే నవ్వు. కానీ ఆ నవ్వు మనుషులను చిన్నబుచ్చింది. కాబట్టి నల్లవారి సంగీతంతో వేరొకరు హాస్యం చేసినప్పుడు 'ఎవరిని చూసి నవ్వుతున్నారు?' అని అడగడం న్యాయమే.

ఈ ప్రశ్న మనకు బాగా దగ్గరిది. కొత్త బడిలో చేరిన మొదటి వారం మన హిందీలో తెలుగు యాస వినిపిస్తే వెనక బెంచీలో ఎవరో దాన్ని అనుకరిస్తారు. తరగతి నవ్వుతుంది. మనకు ముఖం ఎర్రబడుతుంది. కొన్నాళ్లకు ఒక స్నేహితుడు 'ఈ మాట మీ భాషలో ఎలా అంటారు?' అని అడిగి, పలకబోయి నాలుక మడతపడి తానే నవ్వుతాడు. మనమూ నవ్వుతాం. రెండు చోట్లా అనుకరణే ఉంది. మొదటివాడు మనల్ని చూసి నవ్వాడు. రెండోవాడు మనతో కలిసి, తన తంటాలు చూసుకుని నవ్వాడు.

మంచి హాస్య జాజ్ బృందం రెండోవాడి దారిలో నడుస్తుంది. ముందు ఆ సంగీతాన్ని శ్రద్ధగా నేర్చుకుంటుంది. పాత రికార్డులు మళ్లీ మళ్లీ వింటుంది. తర్వాత తన ఊరినీ, తన రోజులనూ, తననూ చూసి నవ్వుతుంది. సంగీతం ఎవరిదో వారి పేరు మరచిపోదు. సరస్సు ఒడ్డున ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు రాసుకోవడం అలాంటి కృతజ్ఞతే.

ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి ఇంకొక్క మాట. ఆయన వేదిక మీద ఎప్పుడూ నవ్వుతూ, నవ్విస్తూ ఉండేవాడు. 'తెల్లవారిని మెప్పించడానికే ఈ నవ్వు' అని తర్వాతి తరంలో కొందరు విమర్శించారు. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్ పట్టణంలో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను పెద్ద బడిలోకి రానివ్వలేదు. అప్పుడు ఆయన ప్రభుత్వాన్ని బహిరంగంగా, ఘాటుగా తప్పుపట్టాడు. ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌లో చేయాల్సిన పర్యటనకు వెళ్లనన్నాడు. నవ్వే మనిషికి వెన్నెముక లేదనుకోవడం పొరపాటని ఆ రోజు చాలామందికి తెలిసింది.

పోలండ్ కుర్రాళ్ల నవ్వునూ ఇదే వెలుగులో చూడవచ్చు. ఏది పాడాలో, ఏది నవ్వుకోవాలో పైనుంచి చెప్పే రోజుల్లో, బట్టల పలక పట్టుకుని హాయిగా నవ్వడమే ఒక చిన్న స్వేచ్ఛ. వాళ్లు ఆ స్వేచ్ఛను నల్లజాతి అమెరికన్ల నుంచి అప్పుగా తెచ్చుకున్నారు. ఆ అప్పును బాగా వాయించి తీర్చారు.

చేసి చూద్దాం

1. దువ్వెనకు పల్చటి కాగితం చుట్టి పెదవులకు తేలికగా ఆనించండి. ఊదకండి, మీకు తెలిసిన పాటను 'ఊఁ' అంటూ పాడండి. ఇది మీ కజూ.

2. ఒకే రకం సీసాలు నాలుగు తీసుకుని వేర్వేరు ఎత్తుల్లో నీళ్లు పోయండి. మూతి అంచు మీదుగా ఊదండి. నీరు ఎక్కువ ఉన్న సీసాలో గాలి తక్కువ, కాబట్టి స్వరం హెచ్చుగా ఉంటుంది.

3. గీతలు గీతలుగా ఉన్న ప్లాస్టిక్ సీసాను చెంచాతో గీకండి. ఒకరు చప్పట్లతో నాలుగు లెక్కల తాళం వేస్తుంటే మీరు లెక్కల నడుమ గీకండి.

4. నలుగురు కలిసి ఒక నిమిషం పాట తయారు చేయండి. మధ్యలో ఒక 'బ్రేక్' పెట్టండి. అందరూ ఒకే దెబ్బకు తిరిగి కలిసే వరకు సాధన చేయండి.

కొత్త మాటలు

పునరుద్ధరణ: మరుగున పడినదాన్ని తిరిగి నిలబెట్టడం.
వంత: బుర్రకథలో కథకుడికి పక్కన నిలబడి పాడే సహాయకుడు.
సింకోపేషన్: తాళంలో దెబ్బ అనుకున్న చోట కాకుండా పక్కన పడడం.
తార్కా: పోలిష్‌లో రుద్దుడు పలక, తురుము.

ఆలోచించి రాయండి

1. న్యూ ఆర్లియన్స్ వీధి బ్యాండుకూ మన పెళ్లి బ్యాండు మేళానికీ ఉన్న పోలిక ఏమిటి?

2. పోలండ్‌లో జాజ్‌ను రెండు ప్రభుత్వాలు ఏ ఏ కారణాలతో అనుమానించాయి?

3. జోకుకూ సింకోపేషన్‌కూ ఉన్న సంబంధాన్ని మీ మాటల్లో వివరించండి.

4. 'సామి స్ఫోయి' అనే పేరుకు అర్థం ఏమిటి? ఒక సంగీత బృందానికి ఆ పేరు ఎందుకు బాగుంటుంది?

5. మీరు ఇప్పుడున్న ఊరి నుంచి నేర్చుకున్న ఒక పాట, ఆట లేదా వంట గురించి పది వాక్యాలు రాయండి. అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో తప్పక రాయండి.